ఓక్ బల్లల ఆలస్యం గురించి

వంటగదుల కోసం మీరు చెప్పిన ఏడు ఓక్ బల్లలు దసరాకు సిద్ధం కావు. పర్లాకిమిడిలోని మా దుకాణాన్ని నమ్మి బయానా ఇచ్చినవారికి ఆ సంగతి నేనే చెప్పాలి.

మేము అడిగినది తెల్ల ఓక్. లారీలోంచి దిగినది ఎర్ర ఓక్. రెండూ అమెరికా తూర్పు ప్రాంతపు అడవుల్లో 80 అడుగులకు పైగా ఎదిగి, చలికాలానికి ఆకు రాల్చే చెట్లే. ఆకును చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది: తెల్ల ఓక్ ఆకు తమ్మెలు గుండ్రంగా ఉంటాయి, ఎర్ర ఓక్ ఆకు తమ్మెలకు ముళ్లవంటి మొనలుంటాయి. మనకు వచ్చేది మాత్రం కోసిన పలక, దాని రంగును నమ్మడానికి లేదు. అందుచేత నార వెంట జానెడు ముక్క కోయించి, ఒక కొనను నీళ్ల గిన్నెలో ముంచి, రెండో కొన నుంచి గట్టిగా ఊదాను. బుడగలు లేచాయి. తెల్ల ఓక్ చేవలోని నాళాలను చెట్టే లోపల మూసివేసుకుంటుంది కనుక దానితో సారాయి పీపాలు కడతారు. ఎర్ర ఓక్‌లో అవి తెరిచే ఉంటాయి కనుక నీరు తగిలితే పీల్చుకుంటుంది.

అడితి యజమానిని నిలదీస్తే, "రెండూ ఓక్ కలపే గదా, మీ ఊళ్లో తేడా ఎవరు పడతారు?" అన్నాడు. మద్దిని, వేగిసను వాసనతో పోల్చగల తండ్రి దగ్గర పని నేర్చుకున్న నాకు ఆ మాట ఇంకా మింగుడుపడలేదు.

అయినా మూడు రాత్రులు ఊగిసలాడాను. డబ్బంతా ఆ పలకల్లోనే ఇరుక్కుంది, వార్నిష్ వేస్తే తేడా ఎవరికీ కనబడదు, పైగా ఎర్ర ఓక్ గట్టి కలపే. కాని వంటగదికి అది పనికిరాదు. దానితో పుస్తకాల బీరువాలు, మంచాలు చేసి, బిల్లులో ఎర్ర ఓక్ అని రాసి, తక్కువ ధరకే ఇస్తాను.

మీ బల్లలకు తెల్ల ఓక్ వేరే చోట చెప్పాను; సంక్రాంతికి అందుతాయి. ఆగలేనివారు బయానా పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. మరలు మాత్రం ఇత్తడివే వేస్తాను: కలంకారీలో కరక్కాయ, ఇనుము కలిసి నలుపెక్కినట్లే, తడి తగిలితే ఓక్ కూడా ఇనుము చుట్టూ నల్లబడుతుంది. ఆ అడితి గడప ఇక తొక్కను, సగం ధరకిచ్చినా సరే. కొత్త సరుకును లారీ దగ్గరే ఊది చూసి దించుకుంటాను.