ఇంజెక్షన్ల గది బయట పరిచయమైన అక్కకు

అక్కా, మీ పేరు తెలియదు. హైదరాబాద్‌లోని సంతాన సాఫల్య కేంద్రంలో, లేత ఆకుపచ్చ నేత చీరలో నా పక్కన కూర్చున్నారు. ఇది చదివితే మీ గురించేనని మీకే తెలుస్తుంది.

గర్భాశయం లోపొర మందం 7 మిల్లీమీటర్లకు చేరలేదని, దాన్ని పెంచే ఈస్ట్రోజెన్ హార్మోన్ మాత్రలు పొడిగించారు. మొదటి ఫ్రోజెన్ ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్, అంటే గడ్డకట్టించి దాచిన పిండాన్ని గర్భాశయంలో పెట్టడం, వాయిదా పడేసరికి నేను కుంగిపోయాను. పిండాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రంగా ఉంటాయని, ‘తొందర మనకే గానీ వాటికి కాదమ్మా’ అని మీరన్నారు. డాక్టరు గారు చెప్పిందీ అదే. మీరు చెబితేనే చెవికెక్కింది!

గర్భం నిలవడానికి ఇచ్చే, నూనెలో కలిపిన ప్రొజెస్టిరాన్ హార్మోన్ సూదికి ముందు మందు సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకోమన్నారు. వెచ్చబడితే నూనె పలచబడుతుందట. సూది వేసే వైపు కాలిమీద బరువు మోపవద్దన్నారు. నొప్పి పోలేదు, భయం మాత్రం సగమైంది.

ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం దిగనివ్వరేమోనని నేనంటే, మామూలుగా తిరగవచ్చని డాక్టరు చేతనే అత్తయ్యకు చెప్పించమన్నారు. చెప్పించాను, విన్నారు. బొప్పాయిని మాత్రం ఇంటి గడప తొక్కనివ్వడం లేదు లెండి.

‘ఏమైనా విశేషమా?’ అనే బంధువుల ఫోన్లు మా ఆయనే తీయాలన్న మీ సలహా అన్నిటికన్నా గొప్పది. ఇప్పుడు వాళ్ల నంబరు చూసి ఆయన బెదురుతున్నారు, నేను నిద్రపోతున్నాను.

గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష వచ్చే వారం. దాని ఫలితంతో ఈ కృతజ్ఞతకు సంబంధం లేదు కనుక ఇప్పుడే చెబుతున్నాను.