అలాట్‌మెంట్ ఆర్డర్‌తో పాటు ఒక్క కాగితం ఇప్పించండి

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. కామారెడ్డి జిల్లాలో ఒక కాలేజీ గేటుకు ఎదురుగా మా నెట్ సెంటర్. పన్నెండేళ్లుగా పిల్లల ఈపాస్ (సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైటు) దరఖాస్తులు నింపుతున్నాను.

మొన్న బీటెక్ అయిపోయిన ఒక అమ్మాయి, బీడీలు చుట్టే వాళ్లమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. సర్కారు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఆ డబ్బు కడితేనే ఇస్తామన్నారట కాలేజీ వాళ్లు. "ఫీజు మాఫీ అన్నరు గద బిడ్డా, మళ్ల ఎట్ల కట్టాలె?" అని ఆ తల్లి నన్నే అడిగింది. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవద్దని కాలేజీలకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే చెప్పింది. నెట్ సెంటర్ వాడు చెబితే కాలేజీ వింటుందా?

మా దగ్గర అన్నింటికీ ఒకటే పేరు సార్, స్కాలర్‌షిప్. ఫీజు కింద కాలేజీకి పోయే ఆర్‌టీఎఫ్ వేరు, ఖర్చులకని పిల్లల ఖాతాలో పడే ఎంటీఎఫ్ వేరు. ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీటు వచ్చిన బీసీ, ఈబీసీ పిల్లలకు ఎప్‌సెట్‌లో (మాకింకా ఎంసెట్టే) పదివేల లోపు ర్యాంకుంటే ఫీజు మొత్తం, దాటితే మామూలుగా ఏడాదికి 35 వేలు. మిగతాది ఇంట్లోంచే కట్టాలన్న సంగతి చాలామందికి సీటు తీసుకున్నాకే తెలుస్తోంది.

ఇంటర్‌లో టాప్ 20 పర్సంటైల్‌లో (మార్కుల్లో పైనున్న 20 శాతం మందిలో) ఉన్నవాళ్లకు కేంద్రం డిగ్రీలో ఏడాదికి 12 వేలు ఇస్తుంది. ఇంటి ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు. అయితే అది తీసుకుంటే రాష్ట్రం ఇచ్చే రీయింబర్స్‌మెంట్ తీసుకోకూడదు. రెండూ నింపమని పిల్లలు నా కౌంటర్ దగ్గర నిలబడతారు. ఏది లాభమో లెక్కేసి చెప్పేది నేనే, అదీ వెనక క్యూ అరుస్తుంటే.

ఇక ఎడ్యుకేషన్ లోన్. 7.5 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. అయినా మావాళ్లు పట్టాదారు పాస్‌బుక్ పట్టుకొనే బ్యాంకుకు పోతారు. కోర్సు అయిన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయని మాత్రం అడగరు.

అందుకే అడుగుతున్నా. సీటు అలాట్‌మెంట్ ఆర్డర్‌తో పాటు తెలుగులో ఒక్క పేజీ ఇప్పించండి. ఈ సీటు ఫీజు ఎంత, సర్కారు ఎంత ఇస్తుంది, ఎవరి ఖాతాలో వేస్తుంది, మీరు కట్టేది ఎంత, ఆలస్యమైతే ఎవరిని అడగాలి. సర్కారు బాకీకి పిల్ల సర్టిఫికెట్లు ఆపొద్దన్న మాట పెద్ద అక్షరాల్లో వేయించండి.

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరడానికి ఈ నెలాఖరే గడువు సార్.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
కామారెడ్డి జిల్లా