పదకొండు వారాలుగా జవాబు రాని ఒక ప్రశ్న: మీ స్కోరు అంచనాల ప్యాక్‌పై ఫిర్యాదు

హైదరాబాద్,
18 ఫిబ్రవరి 2023

వినియోగదారుల సేవా విభాగం ప్రధాన అధికారి గారికి,

విషయం: ప్రపంచ కప్ ఫుట్‌బాల్ స్కోరు అంచనాల గురించి డిసెంబరు 3న నేను అడిగిన ప్రశ్న, దానికి ఈరోజు వరకూ రాని జవాబు.

అయ్యా,

మీ అంచనాలు తప్పాయని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఇప్పటిదాకా మీ సిబ్బంది అందరూ నేను దాని గురించే ఫోన్ చేశాననుకుని, దానికే సమాధానం చెప్పి పెట్టేశారు. నా కోపం వేరే. అడిగిన ప్రశ్న ఒక్కటే, అడిగింది పదకొండు వారాల కిందట. దాన్ని మీ సంస్థలో ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా చదవలేదు.

నేను సికింద్రాబాద్‌లో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. 2021 జూన్‌లో యూరో కప్ మొదలైన వారంలోనే మీ యాప్‌లో చందా కట్టాను. ఒక్కసారి కూడా ఆలస్యం చేయకుండా రెన్యూ చేస్తూ వచ్చాను. పందేలు కాయను, కాయనివ్వను. మా నాన్నగారు ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆట చూస్తూ పెరిగిన మనిషి. 1962 ఆసియా క్రీడల్లో రహీం సాబ్ శిక్షణలో మనవాళ్ళు బంగారు పతకం గెలిచిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్పుకుంటారు. ఆ ఇష్టం కొద్దీ ప్రతి టోర్నమెంటుకీ స్టాఫ్ రూమ్‌లో స్కోర్ల పోటీ నడుపుతాను. గెలిచినవాళ్ళకు మిగతావాళ్ళం బిర్యానీ పెట్టిస్తాం, అంతే.

ఖతార్ ప్రపంచ కప్‌కు మీరు 799 రూపాయల ప్రత్యేక ప్యాక్ పెట్టారు. "75 శాతం కచ్చితమైన స్కోరు అంచనాలు" అని దాని మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఆ మాట నమ్మి నేను కొన్నాను. నా మాట నమ్మి మా సహోద్యోగులు ఏడుగురు కొన్నారు. ఈ రెండో వాక్యాన్ని దయచేసి ఇంకోసారి చదవండి. నా డబ్బు పోతే నేనే సర్దుకునేదాన్ని. "మేడమ్ చెప్పారు కదా" అని కొన్నవాళ్ళ ముఖం నేను రోజూ చూడాలి.

నవంబరు 22 మధ్యాహ్నం అర్జెంటీనా 3-0తో గెలుస్తుందని మీరు రాస్తే, సౌదీ అరేబియా 2-1తో గెలిచింది. ఆ రోజు నాకు మీ మీద ఏ కోపమూ రాలేదు. ఆ ఫలితం ఎవరు ఊహించారు గనక! మర్నాడు జర్మనీ మీద జపాన్ గెలిచినప్పుడు కూడా ఏమీ అనుకోలేదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగే ఆట ఇది. అయితే లెక్కల టీచర్ని కాబట్టి ఒక పని చేశాను.

2018 రష్యా ప్రపంచ కప్ గ్రూప్ దశలో 48 మ్యాచ్‌లు జరిగాయి. ఆ 48 స్కోర్లనూ పాత క్యాలెండర్ కాగితం చింపి చీటీల మీద రాశాను. వాటిలో 13 చీటీల మీద 1-0 గానీ 0-1 గానీ ఉంది. 0-0 ఒక్కటే, అది డెన్మార్క్, ఫ్రాన్స్‌లది. అన్నీ మడిచి స్టీలు డబ్బాలో వేసి, ఖతార్‌లో జరిగే ఒక్కో మ్యాచ్‌కు ఒక్కో చీటీ మా ఎనిమిదో తరగతి పిల్లల చేత తీయించాను. వచ్చిన స్కోరు నోటుబుక్కులో రాయడం, చీటీ మళ్ళీ డబ్బాలో వేసి కలపడం. అలా మూడు విడతలు తీయించి, మూడు వరుసలు రాసుకున్నాను. నాలుగో వరుసలో మీ అంచనాలు.

డిసెంబరు 2 రాత్రి గ్రూప్ దశ ముగిశాక సరిచూస్తే, చీటీలకు అచ్చంగా సరిపోయిన స్కోర్లు మొదటి విడతలో 3, రెండో విడతలో 2, మూడో విడతలో 5. మీకు 5. అప్పుడు ఐదో వరుస కూడా గీశాను. ఏ ఆలోచనా లేకుండా, షెడ్యూల్లో ముందు పేరున్న జట్టు 1-0తో గెలుస్తుందని 48 మ్యాచ్‌లకూ రాసుకుపోతే ఎన్ని సరిపోతాయో చూశాను. ఆరు. ఆస్ట్రేలియా డెన్మార్క్ మీద, ట్యునీషియా ఫ్రాన్స్ మీద, బెల్జియం కెనడా మీద, స్విట్జర్లాండ్ కామెరూన్ మీద, బ్రెజిల్ స్విట్జర్లాండ్ మీద, కామెరూన్ బ్రెజిల్ మీద. 48కీ 0-0 అని రాసినా ఆరే.

మీకు న్యాయం చేయకుండా వదల్లేదు. ఎవరు గెలుస్తారు, లేదా డ్రానా అన్నంత వరకే చూస్తే మీవి 25 సరిపోయాయి. గెలుపు, ఓటమి, డ్రా అని మూడు చీటీలు వేసి తీస్తే సగటున 16 వస్తాయి. అక్కడ మీరు గుడ్డి లెక్క కంటే నయమే, ఆ మాట నా మొదటి మెయిల్‌లో మెచ్చుకుంటూ రాశాను. 48 మ్యాచ్‌లతో ఎవరి సత్తా ఎంతో పూర్తిగా తేలదని కూడా రాశాను. అందుకే అడిగాను: "మీ 75 శాతం ఎలా లెక్క కట్టారు? గుడ్డిగా చెప్పిన స్కోర్లతో దాన్ని ఎప్పుడైనా పోల్చి చూశారా? 2021 యూరో కప్‌కు మీరిచ్చిన అంచనాలన్నీ పంపితే నేనే పోల్చుకుంటాను." ఇంతే నేను అడిగింది. తిట్టలేదు, డబ్బు వెనక్కి అడగలేదు.

డిసెంబరు 3న పంపితే 48 గంటల్లో సమాధానం ఇస్తామని జవాబు. 6వ తేదీన వచ్చిన సమాధానం "డియర్ సర్" అని మొదలైంది. యాప్ అప్‌డేట్ చేసుకోండి, అయినా పని చేయకపోతే తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి అని. నేను సర్ కాదని, యాప్ బాగానే పని చేస్తోందని అదే రోజు రాశాను. 8వ తేదీన మళ్ళీ "డియర్ సర్". మళ్ళీ అవే రెండు వాక్యాలు.

9న లంచ్ టైములో ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి అన్నవన్నీ నొక్కాక 23 నిమిషాలు సంగీతం వినిపించారు. టిఫిన్ బాక్సు మూత కూడా తీయలేదు, ఎక్కడ లైన్ కట్ అవుతుందోనని. చివరికి ఒకబ్బాయి ఎత్తి, "మీకు మ్యాచ్ కనబడటం లేదా మేడమ్?" అన్నాడు. మీది మ్యాచ్‌లు చూపించే యాప్ కూడా కాదు. ప్రశ్న మొత్తం చెప్పాను. "ఒక్క నిమిషం మేడమ్" అని ఇంకొకరికి కలిపాడు. ఆవిడకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అంతా విని ఆవిడ అన్నది ఇదీ: "ఫుట్‌బాల్ కదా మేడమ్, ముందే ఎవరు చెప్పగలరు?"

నాకు నోట మాట రాలేదు. ముందే ఎవరూ చెప్పలేరని మీ ఆఫీసులోనే తెలిసినప్పుడు, 799 రూపాయలు తీసుకుని మీరు మాకు అమ్మింది ఏమిటి? అదే అడిగితే సూపర్‌వైజర్‌కు ఇస్తానన్నారు, బెల్లు కొట్టేశారు, నేను క్లాసుకు వెళ్ళాల్సి వచ్చింది.

సూపర్‌వైజర్ 12న ఫోన్ చేశారు. అందరిలోకీ మర్యాదగా మాట్లాడింది ఆయనే, అది ఒప్పుకోవాలి. అసలు సంగతి ఆయన నోటే వచ్చింది. గెలిచే జట్టు సరిపోయినా, లేదంటే రెండు జట్లలో ఏదో ఒక జట్టు గోల్స్ సంఖ్య సరిపోయినా, దాన్ని సరైన స్కోరు అంచనా కిందే లెక్కేస్తారట. అలా లెక్కేస్తే గ్రూప్ దశలో 48కి 36, అంటే 75 శాతం.

ఆ సాయంత్రమే నోటుబుక్కు తీసి నా ఐదో వరుసను అదే పద్ధతిలో లెక్కపెట్టాను. 48 మ్యాచ్‌లకూ కళ్ళు మూసుకుని 1-0 అని రాసిన ఆ వరుసకు, మీ పద్ధతి ప్రకారం 34 సరిపోయాయి. దాదాపు 71 శాతం. జర్మనీ 1, జపాన్ 2 అన్న మ్యాచ్‌ను తీసుకోండి. జర్మనీ 1-0తో గెలుస్తుందని రాసినవాడిది కూడా మీ లెక్కలో సరైన అంచనాయే, ఎందుకంటే జర్మనీ ఒక గోల్ కొట్టింది! ఓడిపోయిన జట్టు గెలుస్తుందని చెప్పినా కచ్చితత్వమే అయితే, ఆ మాటకు ఇక అర్థమేముంది? మీ నిపుణులకూ నా గుడ్డి వరుసకూ మధ్య తేడా రెండే రెండు మ్యాచ్‌లు. ఇదంతా సూపర్‌వైజర్‌ గారికి ఆ రాత్రే మెయిల్ పెట్టాను. ఆయన నుంచి మళ్ళీ ఫోన్ లేదు.

డిసెంబరు 20న, అంటే ఫైనల్లో అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3తో నిలిచి పెనాల్టీల దాకా వెళ్ళిన రెండు రోజులకు, నా ఫిర్యాదు పక్కన ఆకుపచ్చ అక్షరాలతో "పరిష్కరించబడింది" అని కనిపించింది. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? కింద ఐదు నక్షత్రాలు పెట్టి మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని అడిగారు.

జనవరిలో మళ్ళీ తెరిపించాను. ఈసారి 48 అంచనాల స్క్రీన్‌షాట్లూ పంపమన్నారు. మీ అంచనాలు మీ దగ్గర లేవా అని అడగకుండా, ఆదివారం మొత్తం కూర్చుని పంపాను. ఫైల్ పెద్దదైందని తిరిగొచ్చింది. పది చొప్పున ఐదు మెయిళ్ళు చేశాను. ఒక్కో మెయిల్‌కు ఒక్కో కొత్త ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఒకే ప్రశ్నకు ఐదు నంబర్లు! వారం లోపల ఐదూ ఒకదాని తర్వాత ఒకటి ఆకుపచ్చగా మారిపోయాయి. చివరిదానితో పాటు 50 రూపాయల కూపన్ వచ్చింది, తర్వాతి ప్యాక్ కొంటే వాడుకోవచ్చట. ఆ కూపన్ చూసినప్పుడు నాకు నిజంగా కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను కూపన్ కోసం ఇన్ని రోజులు మీ చుట్టూ తిరిగానని అనుకున్నారా?

ఫిబ్రవరి 10న రెన్యూవల్ మెసేజ్ వచ్చింది. "విలువైన కస్టమర్" అని రాశారు. దాన్ని నొక్కితే చాట్ తెరుచుకుంది. నిమిషం లోపల మనిషి వచ్చారు, నమస్కారం మేడమ్ అన్నారు. అప్పుడు అర్థమైంది, మీ దగ్గర మనుషులు ఉన్నారు, వాళ్ళకు నేను ఆడమనిషినని కూడా తెలుసు. డబ్బు కట్టే గుమ్మంలో ఉన్నారు, ప్రశ్న అడిగే గుమ్మంలో లేరు. అక్కడే నా ప్రశ్న అడిగితే, "అది వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్" అని చాట్ మూసేశారు.

మా క్లాసులో అడుగు నుంచి రెండో మార్కు వచ్చే పిల్లవాడు లేచి సందేహం అడిగినా, నాకు తెలియకపోతే తెలియదని, రేపు చూసి చెబుతానని అంటాను. చెప్పకుండా కూర్చోబెట్టిన రోజు ఒక్కటీ లేదు. ఇరవై నెలలుగా మీ దగ్గరున్న మనిషిని నేను. మీరు "పోల్చి చూడలేదు మేడమ్" అని ఒక్క వాక్యం రాసి ఉంటే, డిసెంబరులోనే ఈ వ్యవహారం ముగిసేది. చందా కూడా కొనసాగించేదాన్ని, ఒట్టు.

ఇప్పుడు ఆ దశ దాటిపోయింది. "75 శాతం కచ్చితమైన స్కోరు" అన్న ప్రకటన తీసేయాలి, లేదా ఆ కచ్చితత్వాన్ని ఏ పద్ధతిలో లెక్క కట్టారో దాని పక్కనే అదే సైజు అక్షరాల్లో రాయాలి. మా ఎనిమిది మంది డబ్బు, మొత్తం 6,392 రూపాయలు, వెనక్కి ఇవ్వాలి. నాది ఇవ్వకపోయినా ఆ ఏడుగురిది ఇవ్వాలి. అన్నిటికంటే ముందు నా ప్రశ్నకు జవాబు కావాలి, చదవగలిగిన మనిషి రాసిన జవాబు. మార్చి 5 లోపు రాకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏం చెబుతుందో చదివాను. లాయరు అక్కర్లేదు, నా నోటుబుక్కు చాలు. ఈలోగా ఈ సంగతంతా నాకు తెలిసిన ప్రతి స్టాఫ్ రూమ్‌లోనూ చెబుతాను, అది మాత్రం మార్చి దాకా ఆపుకోను.

ఐదు వరుసలున్న నోటుబుక్కు పేజీల కాపీలు, ఆరు ఫిర్యాదు నంబర్లు ఈ ఉత్తరానికి జతచేశాను. ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒంటిగంట నలభై దాకా నాకు లంచ్. ఆ సమయంలో చేస్తే ఎత్తుతాను.

ఇట్లు,
2021 జూన్ నుంచి మీ చందాదారు,
లెక్కల టీచరు, సికింద్రాబాద్