రేషన్ కార్డుతో పనేముందే!

పద్మా,

నీ ఉత్తరం అందింది. పిల్లాడు పడుకున్నాక రాస్తున్నా. మధ్యలో అక్షరాలు వంకర పోతే వాడు లేచాడనుకో. ఐదో నెల వచ్చినా వాంతులు తగ్గలేదంటే బాధేసింది. కానీ ఆ తర్వాత రాసింది చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అంగన్‌వాడీలో పేరు రాయించుకోమని మీ అమ్మ అంటే, "మాకు రేషన్ కార్డు లేదు, ఆయనకి జీతం వస్తుంది, మనకెవరిస్తారు" అన్నావా?

ఎవరు చెప్పారే నీకు? రేషన్ బియ్యం లెక్క వేరు, దానికి ఆదాయం చూస్తారు. అంగన్‌వాడీలో అడిగేది నువ్వు గర్భిణివా, బాలింతవా, బిడ్డకి ఆరేళ్ళ లోపేనా అని. పేదరికపు గీత పేరు చెప్పి ఎవరినీ ఆపొద్దని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టంలోనూ గర్భిణికి, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికి ఉచితంగా భోజనం పెట్టాలని ఉంది. మీ ఆయన జీతం సంగతి అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

అసలు సంగతి నాకు తెలుసులే. కార్డు వట్టి సాకు. డిగ్రీ చదివిన పిల్ల అంగన్‌వాడీలో కూర్చుని తింటే నలుగురూ ఏమనుకుంటారోనని నీ బెంగ. నాకూ మొదట్లో అదే మొహమాటం. మన తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద మధ్యాహ్నం సెంటర్‌లోనే వడ్డిస్తున్నారు: అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఐరన్ మాత్ర కూడా ఇస్తారు. ఇంటికిచ్చి పంపొచ్చు కదా అనుకునేదాన్ని. మా పక్కింటి కోడలిని చూశాక అర్థమైంది. ఇంట్లో గుడ్డు ఉడికిస్తే అది మొగుడి కంచంలోకో పెద్ద పిల్లాడి కంచంలోకో పోతుంది. ఆ అమ్మాయికి మిగిలేది పులుసే. సెంటర్‌లో అయితే టీచరమ్మ ఎదురుగా కూర్చుని "మొత్తం తిను" అంటుంది, కాదనడానికి లేదు.

అంతా బాగుంటుందని అననులే. గుడ్లు ఒక్కోసారి గోళీకాయలంత వస్తాయి, పాలు ఆలస్యమవుతాయి. అడగాలి. మనలాంటి వాళ్ళు వెళ్ళకపోతే అడిగే నోరు కూడా ఉండదక్కడ.

వెళ్ళేటప్పుడు ఆధార్, ఏఎన్‌ఎం నర్సమ్మ ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్ళు. హైదరాబాద్‌లో ముందే రాయించుకుని ఉంటే ఆ మాట టీచర్‌కి చెప్పు, ఆవిడ ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో నీ పేరు అక్కడి నుంచి మీ అమ్మవాళ్ళ దగ్గరి సెంటర్‌కి మార్చొచ్చు. ఇప్పుడు ముఖం ఫొటో కూడా తీస్తున్నారు. ఒక్కటి చూసుకో, ఆధార్‌కి ఏ నంబర్ లింక్ అయిందో! మీ ఆయనదైతే ఓటీపీ ఆయనకే పోతుంది, డ్యూటీలో ఉంటే ఆయన ఫోన్ ఎత్తడు, నువ్వు సెంటర్‌లో నిలబడి టెన్షన్ పడాలి.

రేపు బిడ్డ పుట్టి ఏడో నెల పడ్డాక ఇంటికే బాలామృతం ఇస్తారు, నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్. గుడ్లు అదనం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ వేలితో మెదిపితే ఉండలు కట్టకుండా మెత్తగా వస్తుంది. ఒక్కసారే పోశావా, గడ్డలే. మా వాడు గిన్నె అంచు నాకేస్తాడు. మా అత్తమ్మ అందులో నెయ్యి వేసి లడ్డూలు చుడుతుంది, సగం మా ఆయనే మింగేస్తాడు, ఏం చెప్పను! మా వీధిలో ఆ పిండిని బర్రెకి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, చూస్తే ఒళ్ళు మండిపోతుంది.

సోమవారం పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నానికి వంట హడావుడిలో టీచర్‌కి, ఆయాకి తీరిక ఉండదు. మీ అమ్మని తోడు తీసుకెళ్ళు, నీ కంటే ఆవిడే గట్టిగా మాట్లాడుతుంది. స్కానింగ్‌లో డాక్టరమ్మ ఏమందో రాయి. అత్తమ్మ నీకు ఉసిరికాయ పచ్చడి పంపుతానంటోంది, కారం తగ్గించమని చెప్పాను.

నీ
సుజాత