మొసళ్ళ మేతకు టికెట్ డబ్బే దిక్కా?

సంపాదకుల వారికి,

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి మహాబలిపురం వెళ్ళే యాత్రికుల్లో చాలామంది దారిలో వడనెమ్మేలి దగ్గరున్న మొసళ్ళ బ్యాంకును చూసే ఉంటారు. 1976లో రోములస్ విటేకర్, జై విటేకర్ దంపతులు మిత్రుల తోడ్పాటుతో నెలకొల్పిన ఆ చిన్న జంతుశాల, తోలు కోసం సాగిన వేట వల్ల మన నదుల్లో మొసళ్ళు అంతరించిపోతున్న రోజుల్లో గుడ్లు పొదిగించి, పిల్లలను సాకి, వివిధ రాష్ట్రాల అటవీ శాఖలకు అందించింది. ప్రభుత్వం చేయవలసిన పనిలో కొంత ఒక కుటుంబం తలకెత్తుకుంది.

ఆ పని బాగా ఫలించడమే తర్వాత భారమైంది. మంచినీటి మొసళ్ళు అక్కడ ఏడాదికి రెండుసార్లు కూడా గుడ్లు పెట్టాయి. 1990ల మధ్యకల్లా నదుల్లో వదలడం ఆగిపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ కల్పించే మొదటి షెడ్యూల్ (జాబితా)లో ఉన్న జీవి కనుక అమ్మడానికి వీల్లేదు. దశాబ్దాల తరబడి బతికే జీవి కనుక మేపక తప్పదు. చివరకు వెయ్యి మొసళ్ళను గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఉన్న ఒక ప్రైవేటు జంతు సంరక్షణ కేంద్రానికి తరలించాలన్న నిర్ణయంపై వివాదం 2022లో మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు తరలింపును అడ్డుకోలేదు. చోటు ఇరుకైనప్పుడు అది సబబే కావచ్చు గాని, అంతవరకూ రానిచ్చినది ముందుచూపు లేని విధానమేనని నా అభిప్రాయం.

2020లో కరోనాతో గేట్లు మూసినప్పుడు వేసవి సెలవుల రాబడి పోయి, ఆ సంస్థ విరాళాల కోసం ప్రజలను అర్థించవలసి వచ్చింది. సందర్శకుల మీదే బతకడంలో మరో చిక్కూ ఉంది. ఒంటి వేడి తగ్గించుకోవడానికి నోరు తెరిచి, రెప్ప కూడా కదల్చకుండా ఎండలో పడుకున్న మొసలిని బొమ్మేమో అనుకుని రాళ్ళు, నీళ్ళ సీసాలు విసిరే వారు ఏ జంతుశాలలోనైనా కనిపిస్తారు. టికెట్టే ఆధారమైనచోట జనాన్ని తగ్గించే ధైర్యం ఎవరికి ఉంటుంది?

షెడ్యూల్‌లోని జీవులను దేశం తరఫున పోషిస్తున్న ఇటువంటి చిన్న సంస్థలకు మేత, పశువైద్యం ఖర్చుల్లో ఏటా నిర్దిష్టమైన వాటాను కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ భరించాలి. సంతానోత్పత్తికి అనుమతి ఇచ్చేటప్పుడే, పుట్టే పిల్లలను ఏ నదిలో, ఏ సంవత్సరం వదులుతారో అటవీ శాఖలు రాతపూర్వకంగా తెలపాలి. ఈ రెండింటినీ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ దృష్టికి తీసుకువెళ్ళవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నెల్లూరు