టార్డీబిగ్ లాకుల దగ్గర మమ్మల్ని ఆదుకున్నవాళ్ళకి

పోయిన వారం ఇంగ్లండులో వూస్టర్ నుంచి టార్డీబిగ్ దాకా కాలువ మీద పడవలో వెళ్ళాం. మేమిద్దరం, పిల్లలు, బావమరిది, ఊరి నుంచి వచ్చిన అమ్మా నాన్నా. సాయం చేసినవాళ్ళకి ఇంగ్లీషులో ఒక కార్డు రాసి పంపాను గానీ, చెప్పాల్సింది సగం కూడా అందులో పట్టలేదు. అందుకే మన భాషలో ఇది.

ఆ పడవ పొడవు 60 అడుగుల పైనే, వెడల్పు 7 అడుగులు కూడా ఉండదు. నాన్న చూడగానే "ఇది పడవా, రైలు పెట్టా?" అన్నారు. గంటకి 4 మైళ్ళు దాటకూడదు. గట్టు మీద కుక్కని తిప్పుకుంటున్న మనిషి మనల్ని దాటి వెళ్ళిపోతుంటాడు. చుక్కాని ఎడమకి నెడితే పడవ కుడికి పోతుంది. ఈ సంగతి ఒంటబట్టేలోపు రెండుసార్లు చెట్ల కొమ్మల్లో దూరాం.

ఈ కాలువ మొత్తం 30 మైళ్ళు, 58 లాకులు. లాకు అంటే రెండు వైపులా తలుపులున్న గది, నీళ్ళు నింపో వదిలో పడవని పైకెక్కిస్తుంది, కిందికి దించుతుంది. అందులో 30 లాకులు టార్డీబిగ్ దగ్గరే, రెండుంపావు మైళ్ళలో, మెట్లు పేర్చినట్టు వరసగా ఉంటాయి. 220 అడుగులు ఎక్కాలి. తలుపులు మనమే తోసుకోవాలి, నీళ్ళు వదిలే తూములు మనమే ఎత్తుకోవాలి. నాన్నది దుగ్గిరాల పక్కన పల్లె. మొదటి లాకు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు ధాన్యం పడవలు లాకులు దాటుతుంటే చూడ్డానికి బడి ఎగ్గొట్టేవారట. అక్కడ గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగేవాళ్ళు, ఇక్కడ గుర్రాలు లాగేవట. అంతే తేడా. 74 ఏళ్ళ మనిషి తలుపు దూలానికి వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి, పిల్లలకి ఎలా తోయాలో చూపించారు.

పదకొండో లాకు దాటాక ఆకలేసి ఆగాం. అక్కడ ఆగకూడదని తర్వాత తెలిసింది. అమ్మ పులిహోర వడ్డిస్తుంటే పళ్ళెం నెమ్మదిగా నా వైపు జరిగింది. గాలికేమో అనుకున్నా. ఆ తర్వాత డబ్బా జరిగింది, తర్వాత అమ్మ జరిగింది. బయటికొచ్చి చూస్తే కాలువలో నీళ్ళు లేవు. బురదలో పడవ ఓ పక్కకి ఒరిగి కూర్చుంది.

తప్పు పూర్తిగా మాదే. మేం దాటొచ్చిన లాకులో కింది తూము ఒకటి అడుగు దాకా దిగలేదు. ఆ లాకు ఎందుకో నింపాదిగా నిండుతోందని అనుకున్నామే గానీ, కారణం వెతకలేదు. బయటికి వచ్చాక పై తూము దించడం కూడా మరిచిపోయాం. మేం పులిహోర కలుపుకునే అరగంటలో నీళ్ళన్నీ కిందికి జారిపోయాయి. గట్టెక్కించమని దేవుణ్ణి అడుగుతారు, మేమేమో నీళ్ళెక్కించమని మొక్కుకోవాల్సొచ్చింది.

అప్పుడొచ్చాడు, లైఫ్ జాకెట్ వేసుకున్న పెద్దాయన. ఇక్కడి కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ తరఫున లాకుల దగ్గర ఊరికే సాయం చేసేవాళ్ళలో ఒకరు. తిట్టలేదు, నిట్టూర్చను కూడా లేదు. కింది తూములు మూయించి, పైకి నడిచి వెళ్ళి, ఒక్కో లాకు తూములు కొద్దికొద్దిగా ఎత్తుతూ పై నీళ్ళని మా దాకా దించుకొచ్చాడు. తొందరపడి ఎత్తేస్తే పై లాకుల మధ్య నీళ్ళు కూడా ఖాళీ అవుతాయట. ముప్పావుగంట పట్టింది. నాన్న ఆయన వెనకే తిరిగారు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సరిగా అర్థం కాదు, అయినా తూము ఎన్ని పళ్ళు ఎత్తాలో చేతులతో మాట్లాడుకున్నారు. నాన్న ఆయన్ని చివరిదాకా, మన కాలువల మీద పనిచేసే సర్కారు మనిషిని పిలిచినట్టు, "లస్కరు గారు" అనే పిలిచారు. జీతం లేదని నేను చెబితే రెండుసార్లు మళ్ళీ అడిగారు.

మా వెనక పడవలో ఒక ముసలి జంట. మావల్ల వాళ్ళ ప్రయాణం కూడా ఆగిపోయింది. విసుక్కోవలసింది పోయి, ఆవిడ ఏడుగురికీ టీ పట్టుకొచ్చింది. అమ్మ వెంటనే పులిహోర డబ్బా వాళ్ళ చేతిలో పెట్టేసింది. పచ్చిమిరపకాయలు తీసి పక్కన పెట్టుకోమని సైగ చేసింది గానీ, ఆయన అప్పటికే ఒకటి నమిలేశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఇంకో ముద్ద అడిగాడు.

ఆఖరి లాకు బాగా లోతు. అడుగున పడవలో కూర్చుని పైకి చూస్తే తడి గోడల మధ్య ఆకాశం పట్టీలా కనిపించింది. పైకి తేలేసరికి సాయంత్రమైంది. లస్కరు గారు అక్కడిదాకా నడిచొచ్చి తలుపు తీసి, చెయ్యి ఊపి వెళ్ళిపోయారు.

వానకోట్లు అరువిచ్చిన వూస్టర్ మిత్రులకీ, "తూములు దించారో లేదో రెండుసార్లు చూసుకో" అని ముందే చెప్పిన అన్నయ్యకీ నమస్కారాలు. అన్నయ్యా, ఒక్కసారే చూశాను.

డబ్బా ఆ జంట పడవలోనే ఉండిపోయింది. మూత మీద తెలుగులో అమ్మ పేరు చెక్కించి ఉంటుంది. మీలో ఎవరికైనా ఏ కాలువలోనైనా కనిపిస్తే తిరిగి అడగొద్దు. అమ్మ బాగుందని చెప్పండి చాలు.