మూడు భాషల కుప్పం

సంపాదకుల వారికి,

మా కుప్పం ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక మూడు రాష్ట్రాలు కలిసే చోటు. సంతలో మా అమ్మ కృష్ణగిరి వైపు వాళ్లతో తమిళం, కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల ఊరు) వాళ్లతో కన్నడం మాట్లాడేది. బడిలో నేర్చుకున్నది కాదు. మన పాలు తమిళంలో పాల్, కన్నడంలో హాలు. మన పులి కన్నడంలో హులి. ఒకటి తెలిస్తే రెండోది త్వరగా పట్టుబడుతుంది. రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లే మా కుర్రాళ్లు కన్నడం వస్తే కూలి తామే మాట్లాడుకోగలరు, మధ్యలో ఇంకొకరు అక్కర్లేదు.

కానీ మా పాప చదివే బడిలో ఇంగ్లీషు తప్ప ఏది మాట్లాడినా ఫైన్ వేస్తున్నారు. ఇంగ్లీషు రావాలి, కాదనను. దానికోసం ఉన్న భాషలను పిల్లల నోట్లోంచి తీసేస్తుంటే చాలా బాధగా ఉంది. మన దక్షిణాది భాషల కోసమని 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టిన ఊరిది! కనీసం ఆటల పీరియడ్‌లోనైనా వాళ్లను స్వేచ్ఛగా మాట్లాడనివ్వండి.

– ఒక తల్లి, కుప్పం